పన్నెండేళ్ళ షుగర్

కొమురయ్యకు షుగర్ వచ్చి రెండేళ్ళయింది. కరీంనగర్ ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగితే మాత్రం పన్నెండేళ్ళని చెప్పాడు.

ఊరికే అబద్ధమాడే మనిషి కాదు. సిరిసిల్లలో ఎనిమిది సాంచెల ఆసామి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. తానులో రెండు మీటర్లు తక్కువైతే తక్కువైందనే చెబుతాడు, ఎవరైనా కొలిస్తే. ఈ తప్పంతా పక్క మంచం మీదున్న పోశానిది. ఎల్లంతకుంట నుంచి వచ్చిన ఆ పోశం, డాక్టరమ్మ ఇంకా పూర్తిగా అడగక ముందే, "తొమ్మిదేండ్ల సంది షుగర్, ఆరేండ్ల సంది బీపీ మేడం" అని గడగడా అప్పజెప్పాడు. డాక్టరమ్మ తలెత్తి చూసింది. నర్సు కూడా చూసింది. పోశం భార్య కొంగు సర్దుకుని, సన్మానం జరుగుతున్నవాడి భార్యలా నిటారుగా కూర్చుంది.

తర్వాత కొమురయ్య వంతు వచ్చింది.

"మీకు షుగర్ ఎన్నాళ్ళ నుంచి?"

రెండేళ్ళంటే ఏం బాగుంటుంది? రెండేళ్ళ షుగర్ అంటే ఇంకా పాలు తాగే షుగర్. ఛాతీ నొప్పితో అంబులెన్సులో సైరన్ వేయించుకుని వచ్చిన మనిషి, నలుగురికి పని ఇచ్చే మనిషి, పోయి పోయి ఎల్లంతకుంట ముందు తగ్గాలా?

"పన్నెండేండ్లయితది మేడం" అన్నాడు.

డాక్టరమ్మ రాసుకుంది. పోశం అటు తిరిగి పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం కొమురయ్యకు ఆస్పత్రి ఉప్మా కూడా రుచిగా అనిపించింది.

యాంజియోగ్రామ్ చేస్తే మూడు బ్లాకులు తేలాయి. బైపాస్ చెయ్యాలి, నాలుగున్నర లక్షలవుతుంది అన్నారు. గోలీలు రాసి, వచ్చే గురువారం పొద్దున రమ్మని, అంతకంటే ఆలస్యం చెయ్యొద్దని చెప్పి ఇంటికి పంపారు. ఆరోగ్యశ్రీ వాళ్ళకు లేదు. ఇంటి ముందు కారుందని కార్డు ఎప్పుడో తీసేశారు. ఆ కారు తోలడం ఇంట్లో ఎవరికీ రాదు. కానీ ఉంది. ఆదివారం ఆదివారం కడుగుతారు.

అయినా కొమురయ్య భయపడలేదు. ఆయనకు అయిదు లక్షల ఆరోగ్య పాలసీ ఉంది. మూడేళ్ళ కిందట తీసుకున్నాడు. జబ్బు వస్తుందని కాదు, రాజం రావడం ఆగుతుందని. రాజం ఆయన భార్య నీలకు తమ్ముడు, జగిత్యాలలో ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆదివారం రావడం, రెండు చాయ్‌లు తాగడం, అన్నం తినడం, తిన్నాక గంటసేపు మనుషులు ఎన్ని రకాలుగా హఠాత్తుగా పోతారో వివరించడం ఆయన పద్ధతి. భరించలేక ఒకరోజు కొమురయ్య సంతకం పెట్టాడు. అప్పటి నుంచి ప్రీమియం గుర్తు చెయ్యడానికి కూడా రావడం మొదలుపెట్టాడు.

సోమవారం పొద్దున కొమురయ్య కూతురు ప్రవీణ కోరుట్ల నుంచి దిగింది. అక్కడే ఆమె అత్తగారిల్లు, వాళ్ళకు సెల్‌ఫోన్ల షాపుంది. ఆస్పత్రి వాళ్ళకు ఆమె నంబరే ఇచ్చారు కాబట్టి వార్త ముందు ఆమెకే చేరింది. చెప్పులు విడవకుండానే అడిగింది.

"బాపూ, నీకు షుగర్ ఎప్పుడచ్చింది?"

"నీకు తెల్వదా బిడ్డా? మన సంఘం భవనంల క్యాంపు పెట్టినప్పుడు చూసిండ్రు గదా. రెండేండ్లాయె."

"మరి ఆస్పత్రి కాయితంల పన్నెండేండ్లని ఉన్నదేంది? పాలసీ తీస్కున్నప్పుడే షుగర్ ఉన్నదట, మనం దాచిపెట్టినమట. ఒక్క రూపాయి కూడ ఇయ్యమని కంపెనోళ్ళు మెసేజ్ పెట్టిండ్రు."

కొమురయ్య ఫ్యాను వంక చూశాడు. కరెంటు లేక అది తిరగడం లేదు. అయినా చూశాడు.

నీల వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "పన్నెండేండ్ల కింద నువ్వు కూసున్న కాడ పది జిలేబీలు తింటుంటివి. షుగర్ ఏడిదయ్యా?"

"గా పోశం తొమ్మిదేండ్లు అన్నడు."

"ఎవలా పోశం?"

"పక్క మంచపాయన. ఎల్లంతకుంట."

"ఆయన తొమ్మిదంటే నువ్వు పన్నెండంటవా? అది ఆస్పత్రినా, వేలంపాటనా?"

"నేను ఆపకపోతే ఆయన ఇంక పెంచుతుండె" అన్నాడు కొమురయ్య. కానీ ఆ మాటకు బలం లేదని ఆయనకే తెలిసింది.

మధ్యాహ్నానికి రాజం జగిత్యాల బస్సు దిగి వచ్చాడు. విషయం విని తల పట్టుకున్నాడు.

"బావా, డాక్టర్ కాడ అన్నీ నిజం చెప్పాలె అంటరు. నువ్వు నిజం గూడ చెప్పలే, అబద్ధమన్న లాభమచ్చేది చెప్పలే. నా సర్వీసుల గిసొంటి కేసు సూడలే."

ప్రవీణ క్యాంపు చీటీ ఫోటో కంపెనీకి పంపి, కాసేపటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల ఒకామె చాలా మర్యాదగా మాట్లాడింది. "మేడం, క్యాంపు చీటీ చూశాం. అందులో రెండేళ్ళ కింద షుగర్ ఉందని ఉంది కానీ, అంతకు ముందు లేదని లేదు కదా. పాలసీ తీసుకోక ముందు చేయించిన రక్తపరీక్ష ఏదైనా పంపండి. అందులో షుగర్ నార్మల్ ఉంటే మళ్ళీ పరిశీలిస్తారు."

ఇల్లంతా వెతికారు. ఆ ఇంట్లో కాగితం పారేసే అలవాటు లేదు. ఎప్పుడో అమ్మేసిన టీవీ వారంటీ కార్డు దొరికింది. పదిహేనేళ్ళ గ్యాసు రసీదులు దొరికాయి. ఎవరివో తెలియని పెళ్ళిళ్ళ శుభలేఖలు నూటపది దొరికాయి. రక్తపరీక్ష మాత్రం లేదు. కొమురయ్య ఊరికే రక్తం ఇచ్చే మనిషి కాదు.

నీల పెళ్ళి ఆల్బమ్ తెచ్చింది. "ప్రవీణ పెండ్లిల చూడు, మూడు గిన్నెల డబల్ కా మీఠా ముందట పెట్టుకున్నడు. గీ ఫోటో పంపు. షుగరున్నోడు గిట్ల తింటడా?"

"షుగరున్నోళ్ళే గట్ల తింటరక్కా" అన్నాడు రాజం. తర్వాత గొంతు తగ్గించాడు. "జగిత్యాలల నా దోస్తుకు ల్యాబున్నది. మనం ఏ తారీకంటే గా తారీకు ఏసి రిపోర్టు ఇస్తడు."

"దొరికితే మామా?" అంది ప్రవీణ.

"దొరికితే పాలసీ క్యాన్సిల్. బావ మీద కేసయితది."

"నీ మీద?"

"నా ఏజెన్సీ పోతది." ఆ మాట నోట్లోంచి వచ్చాక రాజం కాసేపు ఆలోచించాడు. "వద్దు తియ్ బిడ్డా. దొంగ పని మనకెందుకు" అన్నాడు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ కొమురయ్య మంచం మీద కూర్చుని బొటనవేలి గోరు చూసుకుంటున్నాడు. ఎందుకంటే అలాంటి కాగితం ఒకటుంది. సాంచెల షెడ్డులో, పాత నట్లూ బోల్టుల డబ్బా అడుగున, పాలిథిన్ కవర్లో చుట్టి ఉంది. నాలుగేళ్ళ కిందటి రక్తపరీక్ష. షుగర్ నూట నాలుగు. కొమురయ్యకు ఆ అంకె నోటికి వచ్చు. కాగితం బయటికి తీస్తే గుండె బాగుపడుతుంది. కాపురం సంగతి చెప్పలేం. రెండింటిలో ఏది ముందో ఆయనకు తేలడం లేదు.

మంగళవారం పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. నీలే పిలిపించింది. వాడు షెడ్డులోకి వెళ్ళి, సాంచెలను పుచ్చకాయల్లా తట్టి చూశాడు. సగం బంద్ ఉన్నాయి, సగం నడుస్తున్నాయి. చప్పుడుకు నీల గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"నాలుగు తీస్కపోతనంటివి గదా. ఆరు తీస్కపో. గాని బుధవారం పొద్దుగూకేదాక పైసలు చేతుల పడాలె."

"ఆరు ఇస్తే మీకు రెండే ఉంటయి గదమ్మా. పని ఎట్ల నడుస్తది?"

"మనిషి ఉంటే పని ఉంటది. నువ్వు లెక్క చెయ్యి."

గడపలో నిలబడ్డ కొమురయ్య ఇది విన్నాడు. ఆ సాంచెల్లో మూడు ఆమె పుట్టింటి వాళ్ళు ఇచ్చిన డబ్బుతో వచ్చినవి. ఆ సంగతి ఆమె పాతికేళ్ళుగా నెలకోసారి గుర్తు చేస్తోంది. ఇవాళ గుర్తు చెయ్యలేదు. అందుకే ఆయనకు భయం వేసింది. నెమ్మదిగా లోపలికి వెళ్ళి, నట్ల డబ్బా బోర్లించాడు.

ఇనుపవాణ్ణి రేపు రమ్మని పంపి, కవరు ప్రవీణ చేతిలో పెట్టాడు.

"బిడ్డా, రక్తపరీక్ష కాయితం దొరికింది. పైన ఏం రాసున్నదో చదువకు. కింద షుగర్ ముచ్చటొక్కటే చదువు."

"పైనుంచే చదువు బిడ్డా" అంది నీల.

ప్రవీణ చదివింది. గల్ఫ్ దేశాలకు పోయేవాళ్ళకు చేసే మెడికల్ పరీక్ష. పోయే దేశం, యూఏఈ. రక్తం, మూత్రం, ఎక్స్‌రే అన్నీ బాగున్నాయి. షుగర్ నూట నాలుగు. కింద పెద్ద అక్షరాలతో స్టాంపు: ఫిట్. తారీకు, నాలుగేళ్ళ కింద ఆగస్టు పద్దెనిమిది.

రాజం కళ్ళు మెరిశాయి. "అరె బావా! గిదే గదా కావాల్సింది! పాలసీ కంటే ముందటిది!"

నీల మెరవలేదు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటోంది.

"గా ఆగస్టుల నువ్వు తిరుపతి పోయినవ్ గదా" అంది.

నిజమే. ఆ ఆగస్టులో కొమురయ్య నాలుగు రోజులు తిరుపతి పోయి, గుండుతో, లడ్డూలతో తిరిగొచ్చాడు. అడగకుండా గుడికి పోని మనిషి తనంతట తాను వెంకన్న దగ్గరికి పోయాడని నీల పొంగిపోయింది. గడపలో నిలబెట్టి కాళ్ళు కడిగింది. లడ్డూలు చిదిపి ముప్పై రెండిళ్ళకు పంచింది. ఆర్నెల్లకు ప్రవీణకు కోరుట్ల సంబంధం కుదిరితే, అది గుండు మహిమే అని ఈనాటికీ చెబుతోంది.

"పోలే" అన్నాడు కొమురయ్య.

"పోలేవా?"

"హైదరాబాద్ పోయిన. మెడికల్ ఉండె."

"మరి గుండు?"

"సికింద్రాబాద్ స్టేషన్ కాడ చేపిచ్చుకున్న. నూటయాభై తీస్కున్నడు."

"లడ్డూ?"

"లడ్డూ దేవునిదే!" కొమురయ్యకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. "హైదరాబాద్ల వెంకన్న గుడి ఉన్నది. ఆడ కొన్న. దండం గూడ పెట్టుకున్న. దేవుడు వేరేనా?"

"నేను నీ కాళ్ళు గడిగిన" అంది నీల. "బకెట్ నీళ్ళు వోసి గడిగిన."

"గందుకే పోలే దుబాయ్" అన్నాడు కొమురయ్య. "కాళ్ళు గడిగినవ్. తొమ్మిది రోజులు నాకిష్టమున్నదే వండినవ్. పదో రోజు దుబాయ్ పంపే ఏజెంట్ ఫోన్ చేసిండు, వీసా అచ్చింది, బట్టలు సదురుకో అని. రాంగ్ నంబర్ అని పెట్టేసిన."

రాజం ఏదో అనబోయి, అక్క మొహం చూసి నీళ్ళు తాగాడు.

"దుబాయ్ వద్దనుకున్నప్పుడు గీ కాయితం ఎందుకు దాసినవ్ బాపూ?" అడిగింది ప్రవీణ.

"దాంట్ల ఫిట్ అని రాసిండ్రు బిడ్డా. నేను ఏడో తరగతి తప్పిన. లైసెన్సుకు పోతే బండిని ఎనిమిది అంకె లెక్క తిప్పలేదని వాపస్ పంపిండ్రు. నన్ను పాస్ చేసిన కాయితం నా జన్మల గదొక్కటే. ఎట్ల పారేద్దు?"

ప్రవీణకు నవ్వొచ్చింది, కానీ కాగితం అడ్డం పెట్టుకుంది.

"అసలు దుబాయ్ ఎందుకు పోదామనుకున్నవ్?" అంది నీల.

"కోపమచ్చింది."

"ఏం కోపం?"

"యాదికి లేదు."

ఆయనకు గుర్తుందని ఆమెకు తెలిసింది. అప్పటి నుంచి మాట్లాడటం మానేసింది. మానేసినా మందులు మరిచిపోలేదు. "ప్రవీణా, మీ బాపును తెల్ల గోలీ ఏసుకొమ్మను" అనేది, ఆయన పక్కనే కూర్చుని. "ఏసుకున్న అని చెప్పు బిడ్డా" అనేవాడు కొమురయ్య. ప్రవీణ రెండు వైపులా చెప్పి చెప్పి, కోరుట్లలో తన రెండేళ్ళ కొడుకును పట్టుకోవడమే నయమనుకుంది.

కాగితం కంపెనీకి వెళ్ళింది. కంపెనీ నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. ఆస్పత్రిలో పన్నెండేళ్ళని ఎందుకు చెప్పారో రాసి సంతకం చేసి పంపాలట.

"మతిమరుపు అని రాద్దాం" అన్నాడు రాజం.

"మతిమరుపు గూడ జబ్బే గదా మామా. అది ఎందుకు దాసిండ్రు అంటే?"

రాజం ఒప్పుకున్నాడు. ఇక దారి లేక నిజమే రాశారు. 'పక్క మంచం మీది రోగి తొమ్మిదేళ్ళు అని చెప్పినందున, అతని కంటే తక్కువ చెప్పడం బాగుండదని పన్నెండేళ్ళు అని చెప్పితిని.' కొమురయ్య కింద సంతకం చేశాడు. ఆస్పత్రి డాక్టరమ్మ కూడా క్యాంపు చీటీ చూసి, రికార్డు సరిచేసి ఇచ్చింది. బుధవారం మధ్యాహ్నం కంపెనీ ఆమె ఫోన్ చేసింది. మర్యాద అలాగే ఉంది కానీ మధ్యమధ్యలో గొంతు వణికింది. వెనక ఇద్దరు ముగ్గురు నవ్వుతున్న చప్పుడు వచ్చింది. "ఇలాంటి లెటర్ మా మేనేజర్ సర్వీసులో చూడలేదట మేడం. అప్రూవ్ చేశారు."

నాలుగు లక్షల ఇరవై వేలు మంజూరయ్యాయి. మిగతాది దూదికీ గ్లౌజులకూ చేతి నుంచి పెట్టుకోమన్నారు. నీల ఇనుపవాడికి ఫోన్ చేసి రావద్దంది. రాజం మాత్రం ఆ అప్రూవల్‌ను ఫోటో తీసి, 'నమ్మకానికి మరో పేరు' అని స్టేటస్ పెట్టుకున్నాడు. సాయంత్రానికి జగిత్యాల నుంచి నలుగురు పాలసీ అడిగారు.

గురువారం పొద్దున కొమురయ్యకు ఆకుపచ్చ గౌను తొడిగి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా తెచ్చారు. ఛాతీ మీద వెంట్రుకలు తీసేశారు. ఈసారి గుండుకు డబ్బులు తీసుకోలేదని ప్రవీణతో అనబోయి, నీల ఉందని మింగేశాడు. నర్సు నీల చేతికి కాగితం, పెన్ను ఇచ్చింది.

"ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

నీల పెన్ను మూత తియ్యలేదు. మూడు రోజుల్లో మొదటిసారి నేరుగా మొగుడి మొహంలోకి చూసింది.

"ఏం కోపం?" అంది.

"ఏంది నీలా గిప్పుడు..."

"ఏం కోపమచ్చి నన్నిడిసిపెట్టి దుబాయ్ పోదామనుకున్నవ్? చెప్తెనే సంతకం. గుండె కోస్తరు. లోపల ఏముంటదో నాకు ముందుగాల తెల్వాలె."

"అమ్మా, డాక్టర్ గారు రెడీగా ఉన్నారు" అంది నర్సు.

"ఉండనియ్ బిడ్డా. నేను ముప్పై ఏండ్ల సంది రెడీగనే ఉన్న."

కొమురయ్య అటూ ఇటూ చూశాడు. ఒక పక్క ప్రవీణ, ఒక పక్క రాజం. పారిపోదామంటే గౌను వెనక ముడులు సరిగా లేవు.

"బోనాలప్పుడు..." అన్నాడు.

"ఆఁ, బోనాలప్పుడు?"

"మేకను కోసినం. నల్లిబొక్క నీ తమ్మునికేసినవ్."

నీల నోరు తెరిచింది.

"పెద్ద నల్లి. నిండ మూలుగ. నేను పక్కపొంటనే కూసున్న. నాకు మెడ ముక్క ఏసినవ్. మా అన్నదమ్ములందరు చూసిండ్రు. ఇంటి మొగోడికి మెడ, బామ్మర్దికి నల్లి. నాకు గీ ఇంట్ల ఏం ఇజ్జత్ ఉన్నదని..." గౌను అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. పొద్దుటి ఇంజెక్షన్ వల్ల కావచ్చు.

రాజం కంగారుగా ముందుకొచ్చాడు. "బావా, నీయవ్వ, గంత కోపముంటే గప్పుడే చెప్పద్దా! దాంట్ల మూలుగ లేకుండె బావా. ఉత్త బొక్క. ఎంత కొట్టుకున్నా ఏం రాలే."

"లేకుండెనా?" అన్నాడు కొమురయ్య.

"లేకుండె. నీ మీదొట్టు."

"ఇప్పుడు నా మీద ఒట్టు పెట్టకు."

నీల పెదవులు బిగించి, భుజాలు ఎగిరేలా నవ్వుతోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని పెన్ను మూత తీసింది.

"నల్లిబొక్కకు దుబాయ్ పోతవా మనిషీ?"

"పోలే గదా."

"డాక్టర్ మటన్ బందన్నడు. ఇగ ఎవలికి ఏసినా నీకు కోపం రాదు" అని సంతకం పెట్టింది. కింద 'రోగికి ఏమవుతారు' అని ఒక గడి ఉంది. దాని దగ్గర కాసేపు ఆగి, మొగుణ్ణి ఒకసారి ఎగాదిగా చూసి, అక్షరం అక్షరం ఒత్తి 'భార్య' అని రాసింది. స్ట్రెచర్ లోపలికి కదిలింది.

నాలుగున్నర గంటల తర్వాత డాక్టర్ బయటికి వచ్చి, అంతా బాగా జరిగింది, భయం లేదు అన్నాడు. ప్రవీణ తల్లిని పట్టుకుని ఏడ్చింది. నీల కూడా ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని, తమ్ముణ్ణి మెట్ల దగ్గరికి లాక్కుపోయింది.

"నిజం చెప్పు తమ్మీ. మూలుగ ఉండెనా?"

రాజం నేల చూపులు చూశాడు. "ఉండె అక్కా. మస్తుండె."

"కుట్లు మానేదాక ఆయనకు చెప్పకు" అంది నీల.